పనివేళా, టీ వేళా?

"జోకులేసుకోడానికి నీకు మా అన్న చావే దొరికిందిరా?"

వెల్డర్ హాస్యగాడి కాలరు పట్టుకుని మేకప్ గది అద్దానికేసి అదిమాడు. బయట హాలు నిండుతోంది.

"వదులన్నా, ఇస్త్రీ నలుగుతుంది."

"మళ్లీ వేళాకోళమా! నిన్న పక్క పేటలో ఏం వాగావో ఇప్పుడు నా మొహాన చెప్పు."

హాస్యగాడికి తప్పలేదు. "ఫ్యాక్టరీలో ఒకడు రంగు తొట్టిలో పడ్డాడు. సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. తొట్టి దగ్గరికి కాదు, గడియారం దగ్గరికి. 'సార్, లాగండి సార్' అని వాడు గిలగిల్లాడుతుంటే, 'ఉండవయ్యా, ముందు తేల్చనీ. నువ్వు పనివేళలో పడ్డావా, టీ వేళలో పడ్డావా?' అన్నాడు."

"దీనికి హాలంతా పగలబడి నవ్విందట!" వెల్డర్ కాలరు పట్టి కుదిపాడు.

"నవ్వింది మీ అన్నను చూసి కాదన్నా, ఆ సూపర్‌వైజర్ని చూసి. మీ అన్న టీ వేళలో సరదాకి తొట్టి ఎక్కి పడ్డాడని విచారణలో తేల్చేసి, పరిహారం ఎగ్గొట్టారు. అప్పుడు ఒక్కడైనా నోరు విప్పాడా? ఈ నవ్వు మాత్రం వాణ్ణి వీధి వీధినా తరుముతుంది, చూస్తూండు."

వెల్డర్ పట్టు సడలింది. అంతలోనే మళ్లీ బిగిసింది.

"వాడి సంగతి నేను చూసుకుంటా. అన్న పోయిన దగ్గర్నుంచీ మా వదిన మనిషి మనిషిలా లేదు. ఇది ఆవిడ చెవిన పడితే బతుకుతుందా? ఇవాళ ఆ జోకు ఎత్తావంటే స్టేజీ మీదే నీ పళ్లు రాలగొడతా."

"మానలేనన్నా. అది నా సొంతం కాదు. రాసిచ్చిన మనిషికి మాటిచ్చాను."

"ఎవడు వాడు? చెప్పు. ముందు వాడి చెయ్యి విరిచి, తర్వాత నీ దగ్గరికొస్తా."

"చెప్పను. కొడితే కొట్టు."

వెల్డర్ పిడికిలి లేచింది.

తలుపు తోసుకుని వదిన వచ్చింది. మరిదిని చూసింది. లేచిన పిడికిలినీ చూసింది. హాస్యగాడి వైపు తిరిగింది.

"నేను పంపిన టికెట్లు పట్టుకుని, పెళ్లాంబిడ్డల్ని వెంటేసుకుని ఆ సూపర్‌వైజరు ముందు వరుసలో కూర్చున్నాడు తమ్ముడూ. నేను రాసిందాంట్లో ఒక్క ముక్క కూడా మింగకు."