ఒకరికొకరు పైవారు

ఆ రోజుల్లో మనిషి గురించి సర్కారు అడిగేది ఒక్కటే: నీ పైన ఎవరు? ఫారంలో ఆ జవాబు రాసే ఒక్క గడిని బట్టే యంత్రం ఊరందరినీ మెట్లుమెట్లుగా పేర్చేది. నీళ్లయినా, బియ్యమైనా, ఆసుపత్రి మంచమైనా మెట్టును బట్టే.

ఏళ్ల తరబడి మాటల్లేని తోడికోడళ్లు పైడమ్మ, గౌరీశ్వరి ఈమధ్యే కలిశారు. ఆ మురిపెంలో గౌరీశ్వరి తన గడిలో అక్క పైడమ్మ పేరు రాసింది. అక్క కూడా చెల్లెలిని పెద్ద చేద్దామని, చెప్పకుండా ఆమె పేరే రాసింది.

ఇప్పుడు పైడమ్మ ఆసుపత్రి వరండాలో, కటిక నేల మీద ఎగశ్వాస తీస్తోంది.

"ఒకరి మీద ఒకరు ఉంటే మొదలెక్కడ? మీరు ఏ మెట్టు మీదా లేరు, పో," అన్నాడు గుమాస్తా తలెత్తకుండా.

"నా గడి మార్చు బాబూ!" అంది గౌరీశ్వరి.

"మీ పైవారు నోటితో ఒప్పుకోవాలి."

గౌరీశ్వరి పరుగున వెళ్లి అక్క చెవిలో అరిచింది. "సరేనను అక్కా! ఒక్కసారి సరేనను!"

పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. కాసేపటికి ఆ కదలికా ఆగిపోయింది.

గౌరీశ్వరి ఇంకా గుండెలు బాదుకుంటూనే ఉంది. గుమాస్తా గబగబా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మగారూ, మీ పైన ఇప్పుడు ఎవరూ లేరండీ. మీదే అందరికన్నా పై మెట్టు. ఏ మంచం ఖాళీ చేయించమంటారు?"