తోకలో రాగి రేకు

“ఆర్విడ్, రేడియో ఇంకొక్కసారి చూడు. దూరం నుంచి చూడు,” అంది భార్య మర్నా.

ఆర్విడ్ ఆఖరి బోల్టు బిగించాడు. విమానం చక్రం దగ్గర నుంచి లేచి, చేతుల గ్రీజు గుడ్డకు తుడుచుకున్నాడు.

“షెడ్డు గుమ్మంలో నిలబడి ‘వినపడుతోందా’ అని అడిగితే వినపడక చస్తుందా? ఆ మొక్కజొన్న చేల అవతలికి వెళ్లి చూడు.”

ఆర్విడ్ స్నేహితుడి వైపు తిరిగాడు. “వెండెల్, కాఫీ ఫ్లాస్కు తెచ్చావా?”

విమానం షెడ్డు ముందు తెల్లగా మెరుస్తోంది. ఏళ్ల తరబడి ఆర్విడ్ తన చేతులతో కట్టుకున్నది. అంతా ఫైబర్ గ్లాసు. అందుకే రేడియో యాంటెనా కూడా బయటికి కనపడదు. నిలువు తోక లోపల రాగి రేకునే యాంటెనాగా అంటించి, వెండెల్ చేత తీగకు టంకం వేయించి, తోక మూసేశాడు. మొదటిసారి తనే ఎగరాలనుకున్నాడు. పోయిన వారం డాక్టరు అతని కళ్లు చూసి కుదరదన్నాడు. ఇప్పుడు కూతురు కిర్‌స్టెన్ ఎక్కి కూర్చుంది. పొలాలకు మందు చల్లే విమానం నడపడం ఆమె పని.

“ఏంటమ్మా ఆ మొహం? నన్ను పాతిపెట్టడానికి వచ్చినట్టున్నావు,” అంది కిర్‌స్టెన్.

మర్నా రెక్క అంచు వదలలేదు. “ఇవాళ వద్దే.”

“ఎందుకు?”

మర్నా నోరు తెరిచింది. మొగుడి వైపు చూసింది. మూసుకుంది. “ఊరికే.”

“ఊరికేకి విమానాలు ఆగవమ్మా,” అని నవ్వి, కిర్‌స్టెన్ పైమూత వేసుకుంది.

విమానం పచ్చిక మీద పరుగు తీసింది. ఒకచోట ఎగిరిపడింది. కుడి చక్రం ఊడి, ఒంటరిగా దొర్లుకుంటూ సోయా చేలోకి పోయింది. విమానం మాత్రం లేచిపోయింది.

ఆర్విడ్ చేతి రేడియో నోటి దగ్గర పెట్టుకున్నాడు. “కిర్‌స్టెన్, కుడి చక్రం ఊడింది. దిగకు. విన్నావా?”

బుస్సుమని చప్పుడు. అంతే.

“కిర్‌స్టెన్! కుడి చక్రం లేదు. పలుకు.”

నీళ్ల ట్యాంకు అవతల విమానం ఈగంత అయింది.

“చక్రం ఉందనుకుని దిగిందంటే విమానం మొండి కాలు నేలలో గుచ్చుకుంటుంది. పల్టీ కొట్టి...” అన్నాడు వెండెల్.

“నోరు ముయ్యరా!” ఆర్విడ్ మళ్లీ రేడియో బటన్ నొక్కాడు. “పలకవే తల్లీ. ఒక్క మాట. ఒక్కటంటే ఒక్క మాట.”

మర్నా అప్పటికే చేలోకి పరుగెత్తింది. చక్రాన్ని బిడ్డలా ఎత్తుకొచ్చి అతని కాళ్ల దగ్గర పడేసింది. షెడ్డులోకి వెళ్లి, సీట్లకు తను కుట్టగా మిగిలిన ఎర్రగుడ్డ లాక్కొచ్చింది. దాని అంచులన్నీ పళ్లు పళ్లుగా ఉన్నాయి. పోగులు లేవకుండా ఆమె గుడ్డలన్నీ పళ్ల కత్తెరతోనే కోస్తుంది.

“చక్రం ఎత్తి పట్టుకో. పిల్లకు కళ్లున్నాయి. చూస్తుంది,” అంది.

రన్‌వే నడిమధ్యన ఆర్విడ్ చక్రాన్ని నెత్తి మీదికి ఎత్తి నిలబడ్డాడు. పక్కన మర్నా గుడ్డ ఊపుతోంది. విమానం దిగడానికి నేరుగా వాళ్ల మీదికే వచ్చింది. మరీ కిందికి వచ్చింది. ఇద్దరూ కదల్లేదు. చివరి క్షణంలో ఇంజను గర్జించింది. విమానం వాళ్ల తలల మీదుగా పైకి లేచింది. దూరంగా వెళ్లి రెక్కలు అటూ ఇటూ ఊపింది.

“చూసింది,” అన్నాడు వెండెల్, గడ్డిలో చతికిలబడి.

రెండోసారి కిర్‌స్టెన్ ఎడమ చక్రం ఒక్కటే నేలకు తాకించింది. వేగం చచ్చేదాకా కుడి రెక్కను గాలిలోనే నిలబెట్టింది. తర్వాత అది వాలింది, పచ్చిక గీరింది, విమానం గిర్రున తిరిగి ఆగింది. ముక్కు మీది పంకా విరిగింది. పిల్ల దిగింది.

“ఎంత పిలిచానో నాన్నా. ఒక్కరూ పలకలేదు,” అని గడ్డిలోకి వంగి వాంతి చేసుకుంది.

చక్రం బిగించింది ఆర్విడ్. ఆ మాట అతను ఎత్తలేదు. వెండెల్ చొక్కా పట్టుకున్నాడు. “నీ టంకం వల్ల నా కూతురు చచ్చేది.”

“నా టంకమా? కొయ్యి. ఆ తోక కోసి చూడు. తప్పు నాదైతే జన్మలో నీకు మొహం చూపించను.”

“నీది కాకపోతే?”

“అప్పుడు నువ్వు నాకు చూపించకు.”

ఆర్విడ్ రంపం తెచ్చాడు. తోక పక్కన అరచేయి పట్టేంత కిటికీ కోశాడు. లోపలికి లైటు వేశాడు. టంకం చెక్కుచెదరలేదు. దాని పక్కనే రాగి రేకు రెండు ముక్కలై ఉంది.

“తునక మిగిలింది కాబట్టి గుమ్మం దాకా పలికింది,” అన్నాడు వెండెల్ మెల్లగా. “దూరానికి పలకలేదు. ఇది తెగింది కాదు ఆర్విడ్. కోసింది.”

కోసిన అంచు పళ్లు పళ్లుగా ఉంది.

వెండెల్ ఎర్రగుడ్డ వైపు చూసి తల దించుకున్నాడు. ఆర్విడ్ తిరిగాడు. “మర్నా. ఎందుకు?”

ఆమె గుడ్డను మడతలు పెడుతోంది. మడత పూర్తయ్యాకే తలెత్తింది.

“తోక మూసే ముందు కోశాను. అప్పుడు ఎగిరేది నువ్వే కదా. పిలిస్తే పలికేవాళ్లు లేకపోతే ఎలా ఉంటుందో, నీకూ ఒక్కసారి తెలియాలనుకున్నాను.”