లూప్‌లో నా పేరు

నా ప్రోగ్రాంని టీమ్ లీడర్ తన పేరుతో చలామణి చేసుకుని ఏడాదైంది. అప్పటినుంచీ పళ్లు నూరుతూనే ఉన్నాను.

మా ఆఫీసులో ఎవరు కోడ్ రాసినా ఇంకొకరు చూసి ఓకే అనాలి. నిన్న ఆయన పైథాన్ కోడ్ నా వంతుకొచ్చింది. ఏదో జాబితాలోని పేర్లు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయి, నా పేరు తీసి తన పేరు పెట్టే లూప్. మళ్లీనా!

కానీ మహానుభావుడు తప్పు రాశాడు. లూప్ లోపల వేరియబుల్‌ని, అంటే పేరు నకలుని మార్చాడే గానీ అసలు జాబితాని ముట్టుకోలేదు. అందులో నా పేరు చెక్కుచెదరదు.

“సరిగ్గా ఉందామ్మా?” అన్నాడు.

“బ్రహ్మాండం సార్.”

పొద్దున జాబితా నోటీసు బోర్డు ఎక్కింది. ఉద్యోగాలు పోయినవాళ్లది. మూడోది నా పేరు.

ఆయన ముఖం పాలిపోయింది. “నీ బదులు నేను పోదామని మార్చానమ్మా. నువ్వు చూసి ఓకే అన్నావుగా?”