ఎడమ చేతి మూడు వేళ్లు

మొయినాబాద్‌లో బస్సెక్కిన మనిషి వచ్చి తన సీటు పక్కనే నిలబడగానే సింధుజ కిటికీ వైపు జరిగింది.

అతని లుంగీ నిండా కోళ్ల ఎరువు. ఒకటే కంపు. చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని నోట్సులో తల దూర్చింది.

ఇంకో గంటలో చేవెళ్లలో ఫిజిక్స్ సప్లిమెంటరీ. పోయినసారి రెండు మార్కులు తక్కువై తప్పింది. ఈసారీ తప్పితే ఇంజినీరింగ్ సీటు మీద ఆశ వదులుకోవాల్సిందే.

చేతిలో ఉన్నది చేవెళ్ల జిరాక్స్ షాపులో అమ్మే నోట్సు. ఎవరు రాశారో తెలియదు కానీ, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు ఉంటుంది.

"అయస్కాంత క్షేత్రం పైకి. ఎలక్ట్రాన్ తూర్పుకు. దాని మీద బలం దక్షిణానికి," అని వల్లె వేసింది.

"దక్షిణం కాదు బిడ్డా, ఉత్తరం," అన్నాడతను వంగి.

సింధుజ పేజీ తిప్పింది.

"ఎలక్ట్రాన్‌ది రుణావేశం గదా, దిక్కు తిరగబడ్తది. ఎడమ చెయ్యితోని పట్టాలె. జర గిట్ల చూడు."

మూడు వేళ్లు చాపి ఆమె ముఖం ముందు పెట్టాడు. గోళ్ల నిండా ఎరువు. పైగా ఎడమ చెయ్యి. సింధుజ ముఖం పక్కకు తిప్పుకుంది.

"ఛీ, చెయ్యి తియ్యి. నోట్సు రాసినాయనకన్న నీకెక్కువ ఎర్కనా?"

"ఆయనే తప్పు రాసిండు," అంటూ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

సింధుజ లేచి, చేవెళ్ల దాకా డ్రైవర్ దగ్గరే నిలబడింది.

పరీక్షలో అదే లెక్క వచ్చింది. రెండు మార్కులు. ఉత్తరమేమో అని కలం ఒక్క క్షణం ఆగింది. ఆ గోళ్లు గుర్తొచ్చి దక్షిణమే రాసింది.

బయటికొచ్చి పాఠ్యపుస్తకం తెరిస్తే, ఉత్తరం. మార్కులు లెక్కేసుకుంటే మళ్లీ ఆ రెండే తక్కువ.

మండిపడుతూ జిరాక్స్ షాపుకెళ్లింది.

"నిర్మలక్కా, నీ నోట్సుల తప్పున్నది."

"ఎలక్ట్రాన్ లెక్కేనా? పొద్దుగాల్నే బస్సు దిగొచ్చి దిద్దిపోయిండు. పిల్లలకు చెప్పుమన్నడు."

నిర్మల జిరాక్స్ తీసే అసలు కాగితం ముందుకు జరిపింది. దక్షిణం కొట్టేసి, ఉత్తరం అని ఉంది. అంచున ఎరువు మరక. అదే కంపు.

ఈసారి సింధుజ ముక్కు మూసుకోలేదు.

"ఎవరక్కా ఆయన?"

"శంకరయ్య సారు. కాలేజీ మూతపడ్డంక సురంగల్ కోళ్ల ఫారంల ఎరువు ఎత్తుతున్నడు గని, నీ చేతిల ఉన్న నోట్సు మొత్తం రాసింది ఆయనే."