చెవి వెనక చల్లగాలి

వీరమ్మ అనే గేదె ఒంటిమీద నెత్తురు పీల్చే పిడుదులు ఏరే పనికి పైడి అనే గోరింక కుదిరింది. తొలకరి దాకా పని చూసి, నచ్చితే ఉంచుకుంటానంది గేదె. గూట్లో పిల్లలకు ఆ పిడుదులే తిండి కాబట్టి పైడి సరేనంది.

తొలకరి రాకముందే ఓ పొద్దున వీరమ్మ, "రేపట్నుంచి రావొద్దమ్మాయ్," అంది.

"ఎందుకత్తా?"

"పరీక్షలో ఉన్నవాళ్ళకి కారణాలు చెప్పరు," అని కంచె మీది కాకి అందుకుంది. పాపం, కాకికి అందరి పనులూ తెలుసు, తనకే ఏ పనీ లేదు.

పైడి మాత్రం గేదె కొమ్ము మీంచి కదల్లేదు. "పొమ్మంటే పోతానత్తా. పరీక్షకని చేసినా పని పనే కదా. నా తప్పేంటో చెప్పు. నా మాట కూడా విని పంపు."

వీరమ్మ కాసేపు నెమరేసింది. ఆవిడకు ఆలోచన రావాలన్నా ముందు గడ్డి అడ్డం తొలగాలి. "ఎడం చెవి వెనక ఒక్క పిడుదూ తియ్యలేదు నువ్వు. బద్ధకం!"

"అక్కడ పుండుంది, నీకు కనపడదు. ముక్కు తగిలితే విలవిల్లాడతావని, మానేదాకా ఆగాను. ఈగలు వాలకుండా రోజూ రెక్కతో విసురుతున్నాను."

చెవి వెనక తగిలే ఆ చల్లదనాన్ని వీరమ్మ ఇన్నాళ్ళూ చెరువుగాలి అనుకుంది. మెల్లిగా తల వంచి, చెవిని పైడి వైపు తిప్పింది.

"మానాకే తీద్దువులే. రేపు పెందలాడే రా."

తొలకరి వచ్చినా పరీక్ష మాట ఇద్దరూ ఎత్తలేదు. కాకి మాత్రం వేరే కంచె చూసుకుంది.