తుడిచిన మిషను

తళతళా తుడిచిన లేతు మిషను మీద మళ్లీ నూనె జిడ్డు!

కొత్త పెళ్లికూతురు నడుముకి కొంగు దోపింది.

మేడ మీద ఒక గది, కింద షెడ్డులో ఇనుము చెక్కే ఈ మిషను. రెండిళ్లూ కాదన్న పెళ్లికి ఉన్న ఆస్తి అంతే. అందుకే భర్త మధ్యాహ్నం సరుకు ఇచ్చి రావడానికి వెళ్లగానే, చంటిపిల్లకి చేయించినట్టు ఆ మిషనుకి సబ్బునీళ్లతో స్నానం చేయించడం ఆమెకో ముచ్చట.

ఇవాళ బకెట్టు పారబోసి వచ్చేసరికి ఎవరో ముసలాయన మిషనులో ఉలి బండి జారే పట్టాల మీద వేలితో నూనె పూస్తూ దొరికిపోయాడు.

“ఏయ్ పెద్దాయనా! రోజూ ఈ పాడు పని నీదేనా? ఇప్పుడేగా తుడిచాను!”

“బాగా తుడిచావు తల్లీ, ముఖం కనబడుతోంది. కానీ ఇనుము మీద ఇనుము జారాలంటే మధ్యన కాస్త తడి ఉండాలి.”

“అది మా ఆయన చూసుకుంటాడు.”

“చూసుకోడు. ఒకళ్లని నమ్మాడంటే ఇక తడిమి చూడడు.”

“మా ఆయన సంగతి నువ్వు నాకు చెప్తావా? చాల్లే, నడువు!”

“ఈ చివర ఒక్కటీ రాసి పోతానమ్మా.”

ఆమె భుజం పట్టి బయటికి నెట్టింది. తలుపు వేసి గడియ పెట్టింది. ఆయన పూసిందంతా మళ్లీ సబ్బుపెట్టి కడిగేసింది.

భర్త ఈల వేసుకుంటూ వచ్చాడు.

“పెద్ద ఆర్డరు! సాయంత్రానికి నమూనా చేసి చూపిస్తే ఏడాదంతా పని మనదే!”

మిషను వంక చూసి మురిసిపోయాడు.

“రోజూ ఇంత బాగా సిద్ధం చేసి పెట్టే పెళ్లాం ఎవడికుంది చెప్పు?”

ఆమె సిగ్గుపడింది. పొగుడుతున్నది మెరుపునే అనుకుంది. ఇన్నాళ్లూ తుడిచి నూనె రాస్తున్నది కూడా ఆమే అని అతని నమ్మకం.

స్విచ్చి వేశాడు. పట్టాల మీద బండి కీచుమంది. బలంగా తోశాడు. మూలిగి, బిగుసుకుపోయింది.

ఆపి చూస్తే పట్టాల నిండా లోతైన గాట్లు.

“ఆయిల్ రాయలేదా?”

“నేనెప్పుడు రాశాను? తుడుస్తానంతే.”

“మరి రోజూ ఎవరు రాశారు?”

“ఎవరో పిచ్చి ముసలాడు. ఇందాకే తరిమేశాను.”

 గాట్ల మీద చెయ్యి ఆనించి అలాగే కూర్చుండిపోయాడు.

ఆర్డరు ఎవరికో పోయింది. మిషను తుక్కు లారీ ఎక్కింది. అతను వేరేవాళ్ల షెడ్డులో కూలికి కుదిరాడు.

అప్పుడే కబురొచ్చింది, అతని తండ్రి పోయాడని.

అత్తింటి గడప ఆమె తొక్కడం అదే మొదలు. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు.

అత్తగారు మామగారి మీద కప్పిన దుప్పటి అంచు పక్కకి తీసింది.

“చూడమ్మా. పెళ్లికి రాలేదు, బతికుండగా ఒక్కసారి మీ గుమ్మం తొక్కలేదు. అంత పంతం ఈ మనిషికి.”

కోడలు వంగి చూసింది. ఆ మధ్యాహ్నం తను తలుపు వేసింది ఈ ముఖం మీదే.