గిన్నెలు అదిరిన పొద్దు

నేల అడుగున పెద్ద పెద్ద పలకలుంటాయనీ, అవి కదిలితే భూమి కంపిస్తుందనీ మాస్టారు చెబుతుండగా చివరి బెంచీలో పిల్ల లేచి నిలబడింది.

"ఇవాళ పొద్దున మా ఇంట్లో భూకంపం వచ్చింది సార్."

"మా ఇంటికి రాలేదే! మీ ఒక్కళ్ళింటికే చుట్టపుచూపుగా వచ్చి వెళ్ళిందా?"

తరగతంతా గొల్లుమంది.

"నిజంగా వచ్చింది సార్," అంది పిల్ల. ఎదురు చెప్పినందుకు గంట కొట్టేదాకా ఆమెను బెంచీ ఎక్కించారు మాస్టారు.

మర్నాడు పేపర్లో చిన్న వార్త పడింది. నిన్న తెల్లవారుజామున భూమి కొద్దిగా కంపించిందట, చాలామందికి తెలియనే లేదట.

మాస్టారు ఆ పేపరు పట్టుకుని, తల వంచుకుని తరగతికి వచ్చారు. పిల్లను పిలిచారు. పిలవగానే ఆమె బెంచీ ఎక్కబోయింది.

"వద్దమ్మా, కిందే ఉండు. తప్పు నాది. నువ్వు చెప్పిందే నిజం."

అందరి ముందూ నవ్వులపాలు చేశారు కనక అందరి ముందే మెచ్చుకోవాలనుకున్నారు.

"మా కిటికీ కూడా అదిరిందమ్మా. లారీ పోయిందనుకున్నాను. అది భూకంపమని నువ్వెలా కనిపెట్టావు? చెప్పు, వీళ్ళూ నేర్చుకుంటారు."

పిల్ల ఏదో గొణిగింది.

"గట్టిగా చెప్పు తల్లీ. సిగ్గెందుకు?"

"మా ఇంట్లో రోజూ గిన్నెలు ఎగిరిపడతాయి సార్. నిన్న ఎగిరిపడినప్పుడు నాన్న ఇంట్లో లేడు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. కూర్చోమని చెప్పడం మరిచి మాస్టారు చేతిలోని పేపరును మడత మీద మడత పెట్టసాగారు. పిల్ల అలాగే నిలబడి ఉంది.